బాలింతను చూడటానికి వచ్చేదెవరు?

2018 వేసవిలో మా చెల్లెలికి తొలి కాన్పు అయింది. ఆరో రోజు పొద్దున్నే తల పగిలిపోతోందంటూ లేచింది. మా అమ్మమ్మ సానరాయి మీద శొంఠికొమ్ము అరగదీసి, గంధం వెచ్చజేసి నుదుటికి పట్టు వేసింది. తలగుడ్డ సరిగా చుట్టుకోలేదని ఒకరు, చెవుల్లో దూది తీసేసిందని ఒకరు, రాత్రి కిటికీ తెరిచి పడుకుందని మరొకరు, ఇలా ముగ్గురు పెద్దవాళ్లు మూడు కారణాలు చెప్పారు. పసివాడు తెల్లవార్లూ ఏడ్చాడు కాబట్టి నిద్ర చాలక వచ్చిన నొప్పి అని నేను నాలుగో కారణం చెప్పాను. కాస్త చదువుకున్నదాన్ని కాబట్టి నా మాటకు అక్కడ కొంచెం ఎక్కువ విలువే దక్కింది. మధ్యాహ్నానికి కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నట్టుందని, డొక్కల కింద పట్టేసినట్టుందని అంది. అరగలేదేమో అనుకుని వాము నీళ్లు ఇచ్చాం. సాయంత్రం నాన్నకు షుగరు చూడటానికి వచ్చిన ఆర్‌ఎంపీ డాక్టరు మాటల మధ్యలో ఈ సంగతి విని, సంచిలోంచి బీపీ మిషను తీసి దాని చేతికి పట్టీ చుట్టాడు. 170/110 చూపించింది. రెండో చేతికి కూడా చుట్టి చూసి, మాతో ఇంకేమీ చెప్పకుండా వీధిలోకి వెళ్లి ఆటో పిలిచాడు.

పట్నంలో ఆస్పత్రికి చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. మెగ్నీషియం సల్ఫేటు ఇంజెక్షన్లు ఇచ్చి, నాలుగు రోజులు ఉంచుకుని పంపించారు. ఇంకా ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని డ్యూటీ డాక్టరు చెప్పింది. మన పెద్దలు గుర్రపువాతం అన్నది దీన్నే. నెలలు నిండేదాకా బీపీ ఒక్కసారి కూడా పెరగని మనిషికి కాన్పయ్యాక పెరగడమేమిటని అడిగితే, అలా కూడా వస్తుందని, కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ బాగా పెరిగే అవకాశం ఉంటుందని ఆమె చాలా మామూలుగా చెప్పింది. ఈ ఒక్క మాట మాకు ఇంటికి పంపించేటప్పుడు ఎవరూ చెప్పలేదు. చెల్లెలికి కాన్పు ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో జరిగింది. మామూలు కాన్పు కాబట్టి రెండో రోజే పంపేశారు. పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో బిడ్డకు ఎప్పుడు ఏ టీకా వేయించాలో తేదీలతో సహా ఉంది. తల్లికి ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తుకు రావాలో దాంట్లో ఒక్క ముక్క లేదు.

ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుని దాని తల్లీబిడ్డ కార్డు తిరగేశాను. ఏడో నెల దాకా ఒకరి చేతిరాత, ఆపైన ఇంకొకరిది. బరువు, బీపీ, రక్తం, మూత్రం ఏ నెలకా నెల గళ్లు నిండి ఉన్నాయి. బిడ్డ పేజీలో పుట్టిన బరువు, బీసీజీ, పోలియో చుక్కలు, మూడో రోజు బరువు. ఈ రెండింటి మధ్యలో ఒక పట్టిక ఉంది. కాన్పు తరవాత తల్లిని చూసి రాయవలసిన పట్టిక అది: మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఆరో వారం అని నాలుగు నిలువు గళ్లు, నాడి, బీపీ, జ్వరం, రొమ్ములు, రక్తస్రావం అంటూ అడ్డంగా వరసలు. అంటే ఆ కార్డు వేసినవాళ్లకు సంగతి తెలుసు, మూడో రోజు బీపీ చూడాలనీ తెలుసు. పట్టిక మొత్తం తెల్లగా ఉంది. ఆ తరవాత ఈ ఏడెనిమిదేళ్లలో చుట్టాలవీ, స్నేహితులవీ, ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి కోడలిదీ చాలా కార్డులు అడిగి మరీ చూశాను. ఆ పేజీ నిండుగా ఉన్న కార్డు నాకు ఒక్కటే దొరికింది. ఆ బాలింత ఆడబడుచు నర్సు.

కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అని మన ఇళ్లలో అందరూ అంటారు. అంత గండం గడిచిందని ఒప్పుకున్నాక, గండం గడిచిన మనిషిని కదా ముందు చూడాలి. బాలింతను చూసొస్తామని బయల్దేరిన పదిమందీ గుమ్మంలో కాళ్లు కడుక్కుని వచ్చి, పసిబిడ్డ ముక్కు ఎవరిదో, రంగు ఎవరిదో తేల్చి వెళ్లిపోతారు. మంచం మీద ఉన్న మనిషిని అడిగే ప్రశ్న ఒక్కటే: పాలు పడ్డాయా? అది కూడా బిడ్డ కోసం అడిగే ప్రశ్నే. ఇళ్లలో ఉన్న ఈ అలవాటే ప్రభుత్వ కాగితాల్లోకీ పథకాల్లోకీ వెళ్లి కూర్చుందన్నది నా ఫిర్యాదు.

నవజాత శిశువులకు ఇంటి దగ్గరే సంరక్షణ అందించే కార్యక్రమాన్నే తీసుకుందాం. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపించి, పసిబిడ్డల చావులను బాగా తగ్గించి చూపించారు. దాని ఆధారంగా 2011లో దేశమంతటా ఆశా కార్యకర్తల చేత ఇంటి సందర్శనలు మొదలుపెట్టారు. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలి. ఆరూ పూర్తయితే 250 రూపాయలు. ఇది చిన్న ఏర్పాటు కాదు. బీపీ పెరిగే రోజుల్లో, కుట్లు చీముపట్టే రోజుల్లో, జ్వరం వచ్చే రోజుల్లో సరిగ్గా ఒక మనిషి ఆ గుమ్మం తొక్కుతోంది. ఆమె చేతిలోని ఫారంలో తల్లి గురించిన ప్రశ్నలు కూడా కొన్ని ఉన్నాయి: జ్వరముందా, దుర్వాసన వేస్తోందా, మూర్ఛలు గానీ పొంతన లేని మాటలు గానీ ఉన్నాయా అని. బీపీ లేదు. మూర్ఛ వచ్చిందా అని అడిగే కాగితం, మూర్ఛకు ముందు పెరిగే బీపీని కొలవమని చెప్పదు. ఆశా సంచిలో బిడ్డను తూచే త్రాసు ఉంటుంది, థర్మామీటరు ఉంటుంది. తల్లి చేతికి చుట్టే పట్టీ ఉండదు. ఆ 250 రూపాయలు అందాలంటే బిడ్డ బరువు నమోదు కావాలి, టీకాలు పడాలి, జననం రిజిస్టరు కావాలి, తల్లీబిడ్డలు 42వ రోజుకు క్షేమంగా ఉండాలి. ఆ క్షేమానికి బిడ్డ విషయంలో కొలతలున్నాయి. తల్లి విషయంలో బతికి ఉండటమే కొలత.

డబ్బు సాయం చేసే పథకాల్లోనూ ఇదే పోకడ. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో ప్రభుత్వాస్పత్రిలో కాన్పయిన తల్లికి 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు విడతలుగా ఇవ్వాలని పెట్టారు. కాన్పుకు ముందు విడత గర్భిణి పరీక్షలు చేయించుకుంటే వచ్చేది, ఇంకో విడత కాన్పప్పుడు వచ్చేది. కాన్పయ్యాక రావలసిన రెండు విడతలూ బిడ్డ టీకాలకు ముడిపడ్డాయి: ఒకటి మూడున్నర నెలలకు, ఒకటి తొమ్మిది నెలలకు. ఆ పథకం వల్ల ప్రభుత్వాస్పత్రులకు జనం తిరిగి వచ్చారు, కాదనను. కానీ కడుపుతో ఉన్నన్నాళ్లూ తన పరీక్షలకు డబ్బు అందుకున్న తల్లికి, కాన్పయిన మర్నాటి నుంచి తన ఒంటిని ఎవరికీ చూపించుకోకపోయినా ఒక్క రూపాయి ఆగేది కాదు. ఏ పరీక్షకు డబ్బు ముడిపెడితే ఆ పరీక్ష జరుగుతుందని రుజువు చేసిన పథకం, అదే రుజువును తల్లి దగ్గర వాడుకోలేదు.

మా చెల్లెలి విషయంలో ఇంకో చిక్కు ఉంది, అది మన తెలుగిళ్లకే ప్రత్యేకమైన చిక్కు. దాని అత్తగారి ఊరు ఖమ్మం జిల్లాలో ఉంది, మా ఊరు అప్పటి కృష్ణా జిల్లాలో సరిహద్దుకు ఇవతల. తొలిచూలు పుట్టింట్లో జరగాలి కాబట్టి ఏడో నెలలో పసుపు కుంకుమలు పెట్టి తీసుకొచ్చాం. ఆమె పేరు ఉన్నది అక్కడి ఏఎన్ఎం (ఉపకేంద్రం నర్సు) రిజిస్టరులో, మనిషి ఉన్నది ఇక్కడ. మూడో రోజున మా వీధి ఆశా వచ్చి బిడ్డను తూచి వెళ్లిందంటే, జాబితాలో పేరుండి కాదు, మా అమ్మతో చనువుండి. ఆ తరవాత ఆమె రాలేదు, రాలేదని నేను తప్పుపట్టను కూడా. పురుటికి పుట్టింటికి వెళ్లడం, మూడో నెలలోనో అయిదో నెలలోనో తిరిగి రావడం లక్షల మంది విషయంలో జరిగేదే అయినప్పుడు, ఆ నెలల్లో బాలింత ఏ ఊరి ఖాతాలో ఉంటుందో ముందే తేల్చి ఉండాలి. రేషను కార్డు విషయంలో తేల్చారు. ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే ఏర్పాటు 2019 ఆగస్టులో దేశంలో మొట్టమొదట మొదలైన జంటల్లో ఆంధ్ర-తెలంగాణ ఒకటి. బియ్యం దాటగలిగిన సరిహద్దును బాలింత బీపీ అంకె దాటలేకపోవడానికి సాంకేతిక కారణమేదీ నాకు తోచదు.

ఇంతవరకు ప్రభుత్వాన్ని అన్నాను, ఇక మన సంప్రదాయం దగ్గరికి వస్తాను. పురుటి ఆచారాలన్నీ మూఢనమ్మకాలని కొట్టేసే డాక్టర్లతో నేను ఏకీభవించను. కాన్పయిన మనిషిని తన తల్లి దగ్గర ఉంచడం, నెలల తరబడి పొయ్యి దగ్గరికి పోనివ్వకపోవడం, ఒంటికి నూనె పట్టించి వేడినీళ్లు పోయడం, బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి ఇంట్లో నాలుగు చేతులుండటం, వీటన్నిటికీ కలిపి పెట్టిన పేరు విశ్రాంతి; దాన్ని మించిన మందు ఆ రోజుల్లో లేదు. ఈ ఊళ్ల నుంచి పురుడు పోయడానికి కారప్పొడి, కాయం డబ్బాలతో డాలస్‌కూ న్యూజెర్సీకీ విమానమెక్కే అమ్మలు మోసుకెళ్లేది ఆ విశ్రాంతినే. ఆరో వారంలో ఒక్కసారి రమ్మని ఊరుకునే పద్ధతి చాలదని, మూడు వారాల లోపే బాలింతను పలకరించాలని, పన్నెండు వారాల లోపు పూర్తి పరీక్ష జరగాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెప్పింది 2018లోనే. బాలింతతనం ఒక్కరోజు పని కాదని మన అమ్మమ్మలకు అంతకు ముందే తెలుసు.

అయితే ఆ అమ్మమ్మలే నీళ్లు ఇవ్వరు. పొట్ట పెరుగుతుందని, కుట్లు చీము పడతాయని, బిడ్డకు జలుబు చేస్తుందని రోజుకు ఒకటి రెండు గ్లాసుల కాచిన నీళ్లతో సరిపెడతారు. మే నెల ఎండలో, తలుపులు మూసిన గదిలో, రోజుకు పదిసార్లు పాలిచ్చే మనిషికి జరిగే సంగతి ఇది. పథ్యం పేరుతో ఆకుకూరలూ పళ్లూ మానిపించి, పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి పెడతారు. మా చెల్లెలు కాలకృత్యాలకు వెళ్లాలంటే భయపడి ఏడ్చింది. మలబద్ధకం, మొలలు, మూత్రంలో మంట, ఇవన్నీ బాలింతకు సహజమేనని అనుకుంటాం. వీటిలో సగం మనం దాచిపెట్టిన నీళ్ల చెంబు వల్ల వచ్చినవి. కదలకుండా పడుకోబెట్టి నీళ్లు కూడా తగ్గిస్తే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం బాలింతలకు మామూలుగానే ఎక్కువ. నీళ్లూ ఆకుకూరలూ ఇచ్చి మిగతా పథ్యమంతా యథాతథంగా జరుపుకోవచ్చు. 

ఐరన్ మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కాన్పులో రక్తం పోయాక హిమోగ్లోబిన్ ఇంకా దిగుతుంది. అందుకే కాన్పయ్యాక 180 రోజులు రోజుకొక మాత్ర వేసుకోవాలన్నది జాతీయ విధానం. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ బలం కోసమని మింగించిన మాత్రలను బిడ్డ బయటపడగానే అలమర మీద పెట్టేస్తాం. నీరసంగా ఉందంటే పాలిస్తోంది కదా అంటాం.

అదే సర్వేలో తెలంగాణలో జరిగిన కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతమని, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతమని తేలింది. దేశం మొత్తం మీద 21.5. అవసరం లేని కోతలు ఎందుకు పెరిగాయన్న చర్చ చాలానే జరుగుతోంది, అది జరగాలి. దాని పక్కనే జరగవలసిన చర్చ ఇంకొకటి ఉంది: అలా కోసిన పొట్టలకు తరవాత దిక్కెవరు? అపెండిక్సు ఆపరేషను చేయించుకున్న మగవాడిని నెల రోజులు బిందె ఎత్తనివ్వరు. సిజేరియన్ అయిన ఆడమనిషి నాలుగో రోజు నుంచి రాత్రి మూడుసార్లు లేచి బిడ్డను ఎత్తుకుంటుంది, నేల మీద కూర్చుని పాలిస్తుంది. ఆ తరవాత ఏళ్ల తరబడి వేధించే నడుం నొప్పికి వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజెక్షనే కారణమని ప్రతి ఇంట్లో ఒకరు చెబుతారు. సాగి వదులైన పొట్ట కండరాలు, వంగి కూర్చుని పాలిచ్చే తీరు చాలావరకు దానికి కారణం. ఎలా కూర్చోవాలో, ఎలా లేవాలో, ఏ వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో పది నిమిషాలు చూపించే మనిషి ఉంటే తగ్గిపోయే నొప్పులవి.

మనసు గురించి మాట్లాడాలంటే మన భాషలోనే ఒక అడ్డంకి ఉంది. బాలింతకు జ్వరం వచ్చి సంధి పుట్టినా, ఫిట్స్ వచ్చినా, మనసు చెదిరి బిడ్డను ముట్టుకోనన్నా, గుణం కమ్మిందనో సన్ని కమ్మిందనో ఒకే మాట. ఒకే మాట ఉండటంతో ఒకే వైద్యం జరిగేది. చెల్లెలు కోలుకున్నాక ఒక రోజు మా అమ్మమ్మ తనంతట తానే చెప్పింది: "మా పెద్దక్క కూడా తలనొప్పి తలనొప్పి అనే పోయిందే. తొమ్మిదో రోజు. గుణమని మంత్రం వేయించారు." అరవై ఏళ్లు ఆమె దాన్ని గుణమనే అనుకుంది. ఇక కాన్పయిన వారం పది రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే, దానంతట అదే పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే అది జబ్బు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించిన సమీక్ష, బాలింతల్లో 22 శాతం మందికి కుంగుబాటు ఉన్నట్టు లెక్కగట్టింది. అయిదుగురిలో ఒకరికంటే ఎక్కువ. దాన్ని గుర్తించడానికి ఎడిన్‌బరో స్కేలు అనే పది ప్రశ్నల పట్టిక 1987 నుంచి ఉంది. అడగడానికి అయిదు నిమిషాలు చాలు. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడే కౌన్సిలర్లు ఉంటారు. ఆ నంబరు ఏ బాలింత కార్డు మీదా అచ్చయి ఉండగా నేను చూడలేదు.

ఇలా మాట్లాడితే ఆరోగ్యశాఖలో పనిచేసే మా బంధువు ఒకాయన మాతృమరణాల లెక్క తీస్తాడు. 2018-20 లెక్కల్లో ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు దేశంలో 97 మంది తల్లులు పోతుంటే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. నిజమే, అది తక్కువ కష్టంతో సాధించినది కాదు. కానీ చనిపోకపోవడమే బాగుండటం కాదని 2023 చివర్లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన సమీక్ష చెప్పింది. కాన్పు వల్ల వచ్చి నెలలూ ఏళ్లూ వదలని ఆరోగ్య సమస్యలు ప్రపంచంలో ఏటా కనీసం నాలుగు కోట్ల మంది ఆడవాళ్లకు ఉంటున్నాయని అందులో ఉంది: నడుం నొప్పి, దగ్గితే తుమ్మితే మూత్రం పడిపోవడం, కలయికలో నొప్పి, కుంగుబాటు. వీటిలో రెండో దాని వల్ల మా ఇంటి ఆడవాళ్లలో నాకు తెలిసి నలుగురు పెళ్లిళ్లకు వెళ్లడం తగ్గించారు. ఒక్కరు కూడా డాక్టరుతో చెప్పలేదు, ఎందుకంటే ఒక్క డాక్టరు కూడా అడగలేదు.

నేను కోరేది కొత్త ఆస్పత్రులను కాదు. బిడ్డకు ఆరో వారంలో మొదటి పెంటావాలెంట్ టీకా పడాలి. బుధవారమో శనివారమో టీకాల రోజున ఉపకేంద్రం వసారాలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది ఆ తల్లే. ఏఎన్ఎం ఎదురుగానే ఉంటుంది, ఇప్పుడు ఆంధ్రలో విలేజ్ క్లినిక్‌లలోనూ తెలంగాణలో పల్లె దవాఖానాల్లోనూ బీపీ చూడగల సిబ్బంది ఉన్నారు. బిడ్డ తొడకు సూది వేసి, తల్లి చేతికి పట్టీ చుట్టడానికి ఎంతసేపు? ఆమె రక్తం ఎంతుందో, కుట్లు మానాయో లేదో, మూత్రం ఆపుకోగలుగుతోందో లేదో, నిద్ర పడుతోందో లేదో, మళ్లీ కాన్పు ఎప్పుడనుకుంటోందో అడగాలి. గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవాళ్లకు ఆ రోజే మళ్లీ పరీక్ష చేయాలి, ఎందుకంటే వాళ్లకు ముందు ముందు అసలు మధుమేహం వచ్చే ముప్పు చాలా ఎక్కువ. కేసీఆర్ కిట్ లాంటి పథకాల్లో మూడున్నర నెలల విడత డబ్బుకు బిడ్డ టీకాతో పాటు ఈ ఒక్క పరీక్షనూ షరతుగా పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు అడిగేది కూడా ఇంతే: కాన్పయ్యాక కనీసం 24 గంటలు ఆస్పత్రిలో, ఆ తరవాత 48-72 గంటల మధ్య ఒకసారి, రెండో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి తల్లినీ బిడ్డనూ చూడటం.

ఆశా కార్యకర్తల నెత్తిన ఇంకో పని పడేస్తున్నానని అనేవాళ్లున్నారు. వాళ్లన్నది సబబే. ఆరుసార్లు తిరిగితే 250 రూపాయలన్న లెక్కలో ఏడో పని ఉచితంగా చేయించడం అన్యాయం. తల్లి బీపీకి వేరుగా పైకం ఇవ్వాలి, మిషను కూడా ప్రభుత్వమే ఇవ్వాలి. రెండు వేల రూపాయల లోపు వచ్చే వస్తువు అది.

2022లో మా చెల్లెలికి రెండో కాన్పయింది. ఈసారి అత్తగారి ఊళ్లోనే, పేరు ఎక్కడుందో మనిషీ అక్కడే. మూడో రోజు ఆశా వచ్చింది. త్రాసు విప్పి, పాపను గుడ్డలో వేలాడదీసి, బరువు రాసుకుంది. అమ్మ మంచం పక్కనే కూర్చుని అంతా చూసి, "దీన్ని చూడవా అమ్మా?" అని అడిగింది. "నా దగ్గర బీపీ మిషను లేదు పెద్దమ్మా, నా ఫారంలో రాసే గడీ కూడా లేదు" అంది ఆ అమ్మాయి, కొంచెం నొచ్చుకుంటూ. అమ్మ లేచి, గూట్లో సాంబ్రాణి పొట్లం పక్కన పెట్టిన డబ్బా తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టింది. 124/80. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, పాప బరువు పక్కన ఖాళీ జాగాలో ఆ అంకె రాసుకుంది.